షుగరు కంటికి ఆపరేషన్: ఆగి చూడాలా, ముందే చేయాలా?

మధుమేహం ముదిరి కంట్లో రక్తం దిగినవారికీ, రెటీనా మీద పొరలు కట్టినవారికీ విట్రెక్టమీ అనే శస్త్రచికిత్స యాభై ఏళ్లకు పైగా అందుబాటులో ఉంది. అది పనికొస్తుందా అన్న సందేహం ఎప్పుడో తీరింది. ఎప్పుడు చేయాలన్న సందేహం మాత్రం ఇంకా తీరలేదు. ఒకే రకం కంటిని చూసి ఒక వైద్యుడు ఈ వారమే ఆపరేషన్ అంటారు. ఇంకొకరు ఇంజక్షన్ వేసి నెల తర్వాత రమ్మంటారు. మరొకరు రక్తం దానంతటదే కరుగుతుందేమో చూద్దామంటారు. ముగ్గురి మాటకూ ఆధారాలున్నాయి. అయితే ఆ ఆధారాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పనిముట్లతో, వేర్వేరు రోగుల మీద పుట్టాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ వాదం ఎలా మొదలైంది, ఏయే మలుపులు తిరిగింది, ఇవాళ ఎక్కడ నిలిచింది, ఏది తేలలేదు అన్నవి వరుసగా చూద్దాం.

కంటి లోపల జరిగేది

షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ చాలని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో కొత్త నాళాలు మొలుస్తాయి. కానీ అవి గట్టివి కావు. రెటీనాకు ఆనుకుని కంటి గుహను నింపే విట్రియస్ జెల్ వెనకపొరను పట్టుకుని, పందిరి మీద పాదులా పాకుతాయి. ఆ జెల్ ముడుచుకుని ముందుకు జరిగినప్పుడు నాళాలు సాగి చిట్లుతాయి. రక్తం జెల్‌లోకి దిగుతుంది. రోగికి ముందు నల్లచుక్కలు, సాలెగూడు పోగులు కనిపిస్తాయి. రక్తం ఎక్కువైతే కళ్లముందు తెర దిగుతుంది.

నాళాల వెంట పీచులాంటి కణజాలం కూడా పెరుగుతుంది. అది కుంచించుకుపోతూ రెటీనాను లాగి పైకి లేపుతుంది. ఆ లాగుడు చూపుకు కేంద్రమైన మాక్యులా దాకా వస్తే చదువు, ముఖాల గుర్తింపు, సూక్ష్మమైన పని అన్నీ పోతాయి. కొత్త నాళాలు కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ మీదికి పాకితే కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగి, మొండి గ్లకోమా వస్తుంది.

చికిత్సలు మూడు. లేజరుతో ఆక్సిజన్ అందని రెటీనా అంచు భాగాలను కాలుస్తారు. దాంతో వీఈజీఎఫ్ విడుదల తగ్గుతుంది. ఇంజక్షన్ వీఈజీఎఫ్‌ను నేరుగా అడ్డుకుంటుంది కానీ దాని ప్రభావం కొన్ని వారాలే. విట్రెక్టమీలో రక్తంతో పాటు జెల్‌నూ, దాని వెనకపొరనూ తీసేస్తారు. పాకడానికి ఆసరా పోతుంది కాబట్టి కొత్త నాళాలు మునుపటిలా విస్తరించలేవు. ముందే ఆపరేషన్ చేయాలనేవారి వాదానికి మూలం ఈ చివరి విషయమే.

ఏడాది ఆగమన్న కాలం

1970లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకమర్ కంటిని తెరవకుండానే, తెల్లగుడ్డు పక్కనుంచి చిన్న పరికరం పంపి విట్రియస్‌ను తొలగించే పద్ధతిని ప్రారంభించాడు. మధుమేహం వల్ల కంట్లో రక్తం నిండిన రోగి మీదే ఆయన దాన్ని మొదట ప్రయోగించాడు. అప్పటి పరికరం లావుగా ఉండేది. ఆపరేషన్ బల్ల మీద కంటి లోపలే లేజరు పెట్టే సౌకర్యం లేదు. రెటీనాకు చిల్లులు పడటం, మళ్లీ రక్తం రావడం, గ్లకోమా తరచుగా ఎదురయ్యేవి. అందుకే రక్తం దానంతటదే కరుగుతుందేమోనని ఏడాది వరకు ఆగడం ఆనవాయితీ అయింది.

1976లో డయాబెటిక్ రెటినోపతీ స్టడీ ఫలితాలు వచ్చాయి. రెటీనా అంచుల నిండా లేజరు పెడితే తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని తేలింది. కానీ రక్తం అడ్డున్న కంట్లో లేజరు రెటీనాకు చేరదు. అలాంటి కంటిని ఏడాది ఆపడమంటే లేజరునూ ఏడాది ఆపడమే.

డీఆర్‌వీఎస్ తెచ్చిన మలుపు

ఈ సందేహం తీర్చడానికి అమెరికాలో డయాబెటిక్ రెటినోపతీ విట్రెక్టమీ స్టడీ జరిగింది. దీన్ని క్లుప్తంగా డీఆర్‌వీఎస్ అంటారు. కంట్లో తీవ్రంగా రక్తం దిగి ఆరు నెలలు దాటని 616 కళ్లను రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో వర్గానికి ఏడాది ఆగారు. 1985లో వెలువడిన రెండేళ్ల ఫలితాల ప్రకారం 10/20 లేదా అంతకన్నా మంచి చూపు (మన ఆస్పత్రి చార్టు లెక్కలో 6/12) వచ్చినవి ముందస్తు వర్గంలో 25 శాతం, ఆగిన వర్గంలో 15 శాతం.

ఈ సగటు వెనక ఇంకో సంగతి ఉంది. టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది: 36 శాతం, 12 శాతం. టైప్ 2 వారిలో తేడా లేదు: 16 శాతం, 18 శాతం. చూపు పూర్తిగా పోయిన కళ్లు ముందస్తు వర్గంలో తక్కువేమీ కాలేదు. అంటే బాగుపడేవారి సంఖ్య పెరిగింది కానీ, పూర్తిగా నష్టపోయేవారి సంఖ్య తగ్గలేదు.

1988లో ఇదే అధ్యయనం మరో ప్రశ్నకు జవాబు చెప్పింది. రక్తం ఇంకా చూపును కప్పలేదు, కానీ నాళాలూ పొరలూ ఉధృతంగా పెరుగుతున్నాయి. అప్పుడేం చేయాలి? అలాంటి 370 కళ్లను పోల్చారు. నాలుగేళ్ల తర్వాత మంచి చూపు నిలిచినవి ముందే ఆపరేషన్ చేసిన వర్గంలో 44 శాతం, మామూలు పద్ధతిలో 28 శాతం. జబ్బు ఎంత ఉధృతంగా ఉంటే ముందస్తు ఆపరేషన్ లాభం అంత ఎక్కువ. నాళాలు తక్కువగా ఉన్న కళ్లలో లాభం కనిపించలేదు.

దీంతో పాఠ్యపుస్తకాలు మారాయి. టైప్ 1 అయితే త్వరగా, టైప్ 2 అయితే కొంత ఆగవచ్చు అన్న సూత్రం ఒక తరం పాటు నిలిచింది.

పనిముట్లు మారాయి, లెక్కలు మారాయి

ఆ సూత్రం కింద ఉన్న నేల తర్వాతి ఇరవై ఏళ్లలో కదిలిపోయింది. 1980ల తొలినాళ్లలో వచ్చిన ఎండోలేజరుతో ఆపరేషన్ చేస్తూనే కంటి లోపల లేజరు పెట్టడం సాధ్యమైంది. డీఆర్‌వీఎస్‌లోని చాలా కళ్లకు ఆ సదుపాయం దక్కలేదు. 2002లో 25 గేజ్, 2005లో 23 గేజ్, 2010లో 27 గేజ్ పరికరాలు వచ్చాయి. కోత చిన్నదై కుట్లు అవసరం లేకుండా పోయింది, కోలుకోవడం తేలికైంది. రెటీనాకు మరింత దగ్గరగా, మరింత నిలకడగా పనిచేయగల కట్టర్లు కూడా వచ్చాయి.

రెండో మార్పు మందుల నుంచి వచ్చింది. 2006 నాటికి పెద్దపేగు కేన్సరు మందుగా వచ్చిన బెవాసిజుమాబ్‌ను కంట్లోకి ఇస్తే కొత్త నాళాలు రోజుల్లో ముడుచుకుపోతాయని తెలిసింది. తర్వాత రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ వచ్చాయి. 2015లో వెలువడిన ప్రొటోకాల్ ఎస్ అధ్యయనం కొత్త నాళాలు మొలిచిన దశలో లేజరుకు ఇంజక్షన్ ఏమాత్రం తీసిపోదని చూపింది. రెండేళ్లలో విట్రెక్టమీ అవసరమైన కళ్లు ఇంజక్షన్ వర్గంలో 4 శాతం, లేజరు వర్గంలో 15 శాతం.

అలా ఒకే కాలంలో ఆపరేషన్ భయం తగ్గింది, ఆపరేషన్ లేకుండా నెట్టుకురాగల మార్గమూ దొరికింది. మొదటిది ముందస్తు వాదానికి బలమిచ్చింది, రెండోది ఆగి చూసే వాదానికి. ఇవాళ్టి వివాదం ఈ రెండింటి మధ్య పుట్టిందే.

ముందే చేయాలనేవారి వాదన

వీరు మొదట చెప్పేది పాత భయాల గురించి. 1980ల నాటి ప్రమాదాలను చూపి ఇవాళ్టి రోగిని ఆపడం తగదంటారు. రక్తం అడ్డున్నంతకాలం వెనక రెటీనా ఎలా ఉందో నేరుగా కనిపించదు. బీ స్కాన్ అనే అల్ట్రాసౌండు రెటీనా ఊడిందో లేదో చెప్పగలదు కానీ, నాళాల ఉధృతి గురించి చెప్పేది తక్కువ. ఈలోగా పొరలు గట్టిపడితే తర్వాతి ఆపరేషన్ మరింత కష్టమవుతుంది.

రెండో వాదన రోగి రోజువారీ బతుకు గురించి. రెండో కన్ను ఇదివరకే పోయినవారికి, పనికి వెళ్లకపోతే ఇల్లు గడవనివారికి మూడు నెలల చీకటి చిన్న విషయం కాదు. ఆపరేషన్ కొన్ని వారాల్లోనే చూపు తెస్తుంది. దాంతో పాటే నిండా లేజరు పెట్టేస్తారు కాబట్టి, రోగి తర్వాత రాలేకపోయినా కంటికి కొంత కాపు ఉంటుంది.

ఈ వర్గంలో మరికొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. రక్తం దిగకముందే, లాగుడు మొదలవకముందే వెనకపొరను తీసేస్తే జబ్బు దారే మారుతుందని వారి నమ్మకం. దానికి డీఆర్‌వీఎస్ 370 కళ్ల ఫలితాలే ఇప్పటికీ పెద్ద ఆసరా.

ఆగి చూడాలనేవారి వాదన

వీరి మొదటి మాట, చాలా కళ్లలో రక్తం ఆపరేషన్ లేకుండానే తొలగుతుందని. రోగి తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే రక్తం కిందికి దిగి, పైభాగంలో లేజరుకు కొంత దారి దొరుకుతుంది. ఇంజక్షన్ నాళాలను అణచి కొత్త రక్తస్రావాన్ని ఆపుతుంది.

రెండోది, విట్రెక్టమీ తర్వాతి కష్టాలు. సహజ కటకం ఉన్న కంట్లో శుక్లం త్వరగా ముదురుతుంది. కొన్ని కళ్లలో మళ్లీ రక్తం దిగుతుంది. రెటీనాకు చిల్లు పడటం, ఒత్తిడి పెరగడం, అరుదుగా కంటిలోపల ఇన్ఫెక్షన్ రావడం ఇవాళ కూడా ఉన్నాయి. ఈ దశకు చేరిన రోగుల్లో చాలామందికి మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, అధిక రక్తపోటు తోడై ఉంటాయి. వాటిని చక్కదిద్దుకోవడానికి కొన్ని వారాలు తీసుకోవడం బాధ్యతే తప్ప జాప్యం కాదని వీరి మాట.

అయితే ఈ వర్గం జాగ్రత్తపడవలసిన చోటు ఒకటి ఉంది. పొరలు ఎక్కువగా ఉన్న కంట్లో ఇంజక్షన్ ఇస్తే నాళాలు ముడుచుకుంటూ పీచు కణజాలం గట్టిగా కుంచించుకుపోయి లాగుడు పెరగవచ్చు. 2008లో వచ్చిన ఒక పరిశీలనలో 211 కళ్లలో 11 కళ్లకు, అంటే 5.2 శాతానికి, అలా జరిగింది. ఇంజక్షన్‌కీ ఈ మార్పుకీ మధ్య వ్యవధి సగటున 13 రోజులు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఇంజక్షన్ వల్ల బల్ల మీద రక్తస్రావం, తర్వాత తొలివారాల్లో మళ్లీ రక్తం దిగడం తగ్గుతాయన్నది నిజమే. కానీ అలా ఇచ్చాక ఆపరేషన్ తేదీ జారిపోకూడదు.

ప్రొటోకాల్ ఏబీ ఏం చెప్పింది

రెండు వర్గాలనూ ముఖాముఖి నిలిపిన అధ్యయనం 2020లో వెలువడింది. అమెరికా, కెనడాల్లో మధుమేహం వల్ల కంట్లో రక్తం దిగిన 205 మందిలో కొందరికి అఫ్లిబర్సెప్ట్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు, మిగతావారికి లేజరుతో కూడిన విట్రెక్టమీ చేశారు. మాక్యులాను ఇప్పటికే లాగుతున్న కళ్లను ఇందులో చేర్చలేదు.

నాలుగు వారాలకు ఆపరేషన్ వర్గం చూపు చార్టు మీద సుమారు 11 అక్షరాలు ముందుంది. 24 వారాల సగటులో తేడా 5 అక్షరాలకు తగ్గింది. అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత బలమైన తేడా కాదు. రెండేళ్లకు ఇద్దరూ ఒకే చోటికి, దాదాపు 6/12 చూపుకు చేరారు. రక్తం తొలగడానికి పట్టిన మధ్యస్థ కాలం ఆపరేషన్ వర్గంలో 4 వారాలు, ఇంజక్షన్ వర్గంలో 36 వారాలు. మళ్లీ రక్తం దిగినవారు ఆపరేషన్ వర్గంలో 15 శాతం, ఇంజక్షన్ వర్గంలో 49 శాతం. ఇంజక్షన్‌తో మొదలైనవారిలో మూడో వంతుకు చివరికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆపరేషన్‌తో మొదలైనవారిలో కూడా దాదాపు అంతేమందికి తర్వాత ఇంజక్షన్ అవసరమైంది.

రెండు వర్గాలూ ఈ అధ్యయనాన్ని తమ విజయంగా చెప్పుకున్నాయి. గమ్యం ఒకటే కాబట్టి మందుతో మొదలుపెట్టవచ్చని ఒకరు, ప్రయాణం అంత తేడాగా ఉన్నప్పుడు రోగిని ఎందుకు ఆపాలని మరొకరు అన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఏది ఎవరికి వర్తిస్తుందన్నది రోగి పరిస్థితి చెప్పాలి. ఇంకో షరతు కూడా మరువకూడదు. ఇంజక్షన్ వర్గం గమ్యం చేరింది క్రమం తప్పకుండా పరీక్షకు వచ్చిన రోగులతో, అవసరమైన రోజున ఆపరేషన్ చేయగల కేంద్రాల్లో.

పక్కపక్కన పెట్టి చూస్తే

వాదం ఎంత ఉన్నా కొన్ని చోట్ల ఏకాభిప్రాయం బలంగానే ఉంది.

*ఆగకూడని స్థితులు:* లాగుడు మాక్యులాను తాకినప్పుడు లేదా తాకబోతున్నప్పుడు. లాగుడుతో పాటు రెటీనాకు చిల్లు పడినప్పుడు. రక్తం అడ్డుండగా ఐరిస్ మీద కొత్త నాళాలు కనిపించినప్పుడు. రక్తకణాలు వడపోత దారులను మూసి కంటి ఒత్తిడి దిగనప్పుడు. మాక్యులా ముందు చిక్కటి రక్తం పేరుకుని కరగనప్పుడు. మాక్యులా నెలల తరబడి ఊడి ఉంటే, ఆపరేషన్ బాగా జరిగినా చూపు తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

*ఆగడానికి వీలున్న స్థితులు:* మునుపే నిండా లేజరు పడిన కంట్లో మొదటిసారి కొద్దిగా రక్తం దిగడం. బీ స్కాన్‌లో రెటీనా అంటుకునే ఉండటం. రెండో కన్ను బాగుండటం. లాగుడు మాక్యులాకు దూరంగా, కదలకుండా ఉండటం. ఈ చివరి రకం మీద 1981లో వచ్చిన పరిశీలనలో మొదటి ఏడాదిలో మాక్యులా దాకా వచ్చినవి 15 శాతం లోపే.

*వాదం నిజంగా మిగిలిన స్థితి:* లేజరు పడని కంట్లో రక్తం దట్టంగా దిగి, వెనక రెటీనా అంటుకునే ఉన్నప్పుడు. ఇక్కడే వైద్యుల మాటలు వేరవుతాయి, ఇక్కడే రోగి గందరగోళపడతాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న

2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. 40 ఏళ్లు దాటినవారిని పరిశీలించిన స్మార్ట్ ఇండియా అధ్యయనంలో మధుమేహులలో 12.5 శాతానికి రెటీనా జబ్బు, 4 శాతానికి చూపును దెబ్బతీయగల స్థాయి జబ్బు కనిపించాయి.

మన దగ్గర అత్యధికులది టైప్ 2. డీఆర్‌వీఎస్‌ను అక్షరాలా పాటిస్తే మనవాళ్లు ఆగవలసినవారే. కానీ ఆ అధ్యయనంలోని టైప్ 2 రోగులు వయసులో పెద్దవారు, జబ్బు ఉధృతి తక్కువవారు. నలభైలలోనే పొరలు కట్టిన కంటితో వచ్చే మన రోగిని ఆ వర్గంలోకి నెట్టడం సరికాదు. మధుమేహం ఏ రకం అన్నదాని కన్నా కంట్లో జబ్బు ఎంత చురుగ్గా ఉందన్నదే చూడాలి.

రెండోది రాకపోకల సంగతి. ప్రొటోకాల్ ఎస్‌లో చేరినవారిలో మరణించినవారిని మినహాయిస్తే దాదాపు మూడో వంతు ఐదో ఏడు పరీక్షకు రాలేదు. అది అన్ని ఏర్పాట్లూ ఉన్న అధ్యయనం. ఆరు నెలలకు పైగా ఆస్పత్రికి దూరమైన రోగులను గమనించిన 2019 నాటి అమెరికా పరిశీలన ఇంకా కలవరపెడుతుంది. వారి చివరి పరీక్ష నాటికి లాగుడుతో రెటీనా ఊడినవి ఇంజక్షన్ల మీదే ఆధారపడిన వర్గంలో 10 కళ్లు, లేజరు వర్గంలో 1. ఆదిలాబాద్ జిల్లా గూడెం నుంచో, శ్రీకాకుళం పల్లె నుంచో హైదరాబాదుకో విశాఖకో తోడు మనిషిని వెంటబెట్టుకుని నెలనెలా రావలసినవారికి ఇది దూరపు దేశపు లెక్క కాదు. ప్రతి రాకకూ కూలి, చార్జీలు, ఇంకొకరి పనిదినం పోతాయి.

మూడోది, అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందన్నది. వైద్యులు వాదించేది నాలుగు వారాలా, పన్నెండు వారాలా అని. రోగి మాత్రం రెటీనా పరీక్ష ఊసే లేకుండా ఏళ్లు గడిపి, చుక్కలు కనిపించాకే వస్తాడు. 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగు, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో వచ్చిన కార్యక్రమం కంటి పరీక్షను ఊరి గుమ్మానికి తెచ్చాయి. అయితే అద్దాల అవసరం తేల్చే పరీక్షలో రెటీనా కనిపించదు. చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసో, కెమెరాతో ఫొటో తీసో లోపల చూడాలి.

ఇంకా తేలనివి

మొదటిది: సన్నని పరికరాల కాలంలో, ఉపద్రవం రాకముందే విట్రెక్టమీ చేస్తే లాభమా? డీఆర్‌వీఎస్ స్థాయి పోలిక మళ్లీ జరగలేదు. నమ్మకం ఎంత ఉన్నా రుజువు ఇంకా పాతదే.

రెండోది: మాక్యులా అంచున లాగుడు ఉండి చూపు ఇంకా బాగున్న కంటిని ఏం చేయాలి? ఆపరేషన్‌తో పోగొట్టుకునేది ఎక్కువ, ఆగితే పోయేదీ ఎక్కువే.

మూడోది: ఇంజక్షన్, లేజరు, ఆపరేషన్‌లను ఏ వరుసలో పేర్చాలి? ఒకదానికొకటి పోటీగా పెట్టి చూసిన అధ్యయనాలున్నాయి. ఒకదాని వెనక ఒకటిగా చూసినవి తక్కువ.

నాలుగోది: దేన్ని ఫలితమనాలి? రెండేళ్ల తర్వాత చార్టులో అక్షరాలా, లేక చూపు లేకుండా గడిచిన నెలలా? మొదటిది కొలిస్తే రెండు మార్గాలూ సమానం, రెండోది కొలిస్తే కావు. రోగులను అడిగితే ఏది ఎంచుకుంటారో ఇంకా లోతుగా తెలుసుకోవాలి.

వేళను నిర్ణయించే మూడు ప్రశ్నలు

యాభై ఏళ్ల చర్చ మొత్తాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టం. ఏడాది, ఆరు నెలలు, మూడు నెలలు అన్న గడువులన్నీ ఆనాటి పనిముట్ల భయాల నుంచి పుట్టినవి. పనిముట్లు మారినప్పుడల్లా గడువు మారింది. కాబట్టి కేలండరును చూసి వేళ నిర్ణయించే పద్ధతిని విడిచిపెట్టాలి. దాని స్థానంలో మూడు ప్రశ్నలు రావాలి. ఈ కంట్లో లాగుడు, నాళాల ఉధృతి ఎంత? రెండో కంటితో ఈ మనిషి రోజు గడుస్తుందా? చెప్పిన తేదీకి మళ్లీ రాగలడా?

మొదటి రెండింటినీ వైద్యులు అడుగుతూనే ఉన్నారు. మూడోదాన్ని మాత్రం చాలాసార్లు రోగి క్రమశిక్షణ ఖాతాలో వేస్తారు. కూలి పోతుందన్న భయం, తోడు వచ్చేవారు లేకపోవడం, వారానికి మూడు రోజుల డయాలసిస్ క్రమశిక్షణ లోపాలు కావు. అవి రక్తపోటు లాగా, బీ స్కాన్ రిపోర్టు లాగా కేసు షీటులో రాయవలసిన వివరాలు. క్రమంగా రాగలిగినవారికి, లాగుడు లేని కంటికి ఇంజక్షన్‌తో మొదలుపెట్టడం న్యాయమైన మార్గమే. రాలేనివారికి లేజరుతో కూడిన ముందస్తు ఆపరేషనే భద్రమైన మార్గమని ఇప్పటి ఆధారాలు సూచిస్తున్నాయి. ఈ తేడాను రోగికీ ఇంటివారికీ విప్పి చెప్పి, వారి మాట విని నిర్ణయించాలి.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఆపరేషన్ గదికి బయట ఉంది. షుగరు ఉన్నదని తెలిసిన ప్రతి మనిషికీ, చూపు బాగానే ఉన్నా, ఏడాదికోసారి రెటీనా పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే జరగాలి. లేజరు సకాలంలో పడిన కళ్లు ఎన్ని పెరిగితే, ఆపరేషన్ వేళ గురించి ఇంత వాదించవలసిన కళ్లు అన్ని తగ్గుతాయి.